తాళం వేయని తలుపుల లెక్క

"ఆ రోజుల్లో మా వీధిలో ఎవరూ తలుపుకు తాళం వేసేవారు కాదు" అన్న మాట ఉత్తర ఇంగ్లండులోని పాత మిల్లు పట్టణాల్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళ నోట తరచుగా వినిపిస్తుంది. నేను మెట్టిన ఇల్లు అలాంటి పట్టణంలోదే. మాంచెస్టరుకు వాయవ్యంగా ఉన్న బోల్టన్‌లో, 1932లో, మిల్లు కార్మికుల ఇంట పుట్టిన మా అత్తగారు ఈ మాట చెబుతారు. ఆమె చెల్లెళ్ళూ చెబుతారు. ఆ వీధిని ఎన్నడూ చూడని మనవలు కూడా చూసినట్లే చెబుతారు. నేను ఈ మాటను నమ్ముతాను. అయితే అందరూ అక్కడితో ఆగిపోతారు. ఆ తెరిచి ఉన్న తలుపులోంచి ఎవరు వచ్చేవారు, ఏ పని మీద వచ్చేవారు, ఏమి అడిగి తీసుకుని ఎప్పుడు తిరిగి ఇచ్చేవారు అని కూడా అడగాలని నా వాదన. అలా అడిగితే, ఈనాడు వీధి ఐకమత్యం అని మనం మెచ్చుకునేది నిజానికి ఆడవాళ్ళు జీతం లేకుండా, పద్దు తప్పకుండా నడిపిన ఒక ఏర్పాటని తేలుతుంది. దానికి నియమాలు ఉండేవి, ఖర్చు ఉండేది, తప్పిన వాళ్ళకు శిక్ష కూడా ఉండేది.

బోల్టన్ నూలు వడికే ఊరు. సామ్యుయెల్ క్రాంప్టన్ 1779లో మ్యూల్ అనే వడుకు యంత్రాన్ని తయారుచేసింది ఈ ఊరి అంచున హాల్ ఇత్ వుడ్ అనే పాత భవనంలోనే. ఆ తర్వాత నూట యాభై ఏళ్ళలో ఇక్కడి మిల్లులు సన్న నూలుకు పేరు తెచ్చుకున్నాయి. మిల్లుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒకదానికొకటి గోడ ఆనించి, ఇటుక ఇళ్ళు వరసలుగా కట్టారు. కింద రెండు గదులు, పైన రెండు గదులు. వీధి తలుపు తెరిస్తే అరుగు, వాకిలి ఏమీ లేకుండా కాలు నేరుగా కాలిబాట మీదే పడుతుంది. వెనక చిన్న రాతి పెరట్లో మరుగుదొడ్డి, బొగ్గు పోసుకునే చోటు, గోడ మేకుకు వేలాడే జింకు తొట్టె. స్నానమంటే వారానికి ఒకసారి, కుంపటి ముందు, ఆ తొట్టెలో, ఒకరి తర్వాత ఒకరు అదే నీళ్ళలో. మా అత్తగారి ఇంట్లో కుళాయి ఒక్కటే ఉండేది, అందులో వచ్చేవి చన్నీళ్ళే. ఇది ఆ ఒక్క వీధి దురదృష్టం కాదు. 1951 జనాభా లెక్కలనాటికి కూడా బ్రిటన్ కుటుంబాల్లో మూడో వంతుకు పైగా ఇళ్ళలో బిగించిన స్నానపు తొట్టి లేదు.

తాళం విషయానికి వస్తే, మొదటి కారణాన్ని మా అత్తగారే చెబుతారు: దొంగిలించడానికి ఏమీ ఉండేది కాదు. రెండో కారణం మాత్రం ఆమె వాళ్ళమ్మ దగ్గర విన్నది, నాకు మొదటిదానికన్నా ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. 1931 చివర ప్రభుత్వం నిరుద్యోగ భృతికి ఆదాయ పరీక్ష పెట్టింది. భృతి గడువు తీరిన కుటుంబం ఇంకా సాయం కోరితే అధికారి ఇంటికి వచ్చి, పిల్లల సంపాదన ఎంత, ఇంట్లో అమ్ముకోదగిన సామాను ఏముంది అని చూసేవాడు. ఆయన వీధి మొదట్లో కనిపించగానే కుట్టు మిషనో, మంచి గడియారమో పక్కింటికి చేరిపోయేది. తలుపులు తెరిచి ఉండకపోతే ఆ పని జరగదు. అంటే ఆ తెరిచిన తలుపుకు నమ్మకం ఎంత కారణమో భయం కూడా అంతే కారణం, పైగా ఆ నమ్మకానికి ఒక ఉపయోగం ఉండేది. ఈ రోజు నీ మిషన్ నా ఇంట్లో దాస్తే రేపు నా గడియారం నీ ఇంట్లో దాగుతుందన్న ఒప్పందం ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, కానీ దాన్ని తప్పిన ఇల్లు ఏమవుతుందో అందరికీ తెలుసు.

డబ్బు ఎలా తిరిగేదో చూస్తే ఈ ఏర్పాటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. శుక్రవారం జీతాలు వచ్చేవి. పెళ్ళికాని కొడుకులూ కూతుళ్ళూ జీతం కవరు చింపకుండా తల్లి చేతిలో పెట్టేవారు. తల్లి అందులోంచి చేతి ఖర్చుకు కొంత తిరిగి ఇచ్చేది. మా అత్తగారు పద్నాలుగేళ్ళు నిండగానే 1946లో మిల్లులో చేరి, పెళ్ళయ్యేదాకా అలాగే ఇచ్చారు. మొగుడు మాత్రం చాలా ఇళ్ళలో కవరు ఇచ్చేవాడు కాదు, ఇంటి ఖర్చుకని ఒక మొత్తం లెక్కపెట్టి ఇచ్చేవాడు. అతని అసలు జీతం ఎంతో భార్యకు తెలియని ఇళ్ళు ఉండేవి. ఆ మొత్తంతో అద్దె, బొగ్గు, మూల కొట్టు అప్పు, చావు బీమా అన్నీ గడిపి వారం చివరికి చేరవలసింది ఆమె. చేరలేని వారం తాకట్టు కొట్టు ఉండేది. ఆదివారం చర్చికి తొడుక్కున్న మగవాడి సూటు సోమవారం మూటగట్టి తాకట్టు పెట్టి, శుక్రవారమో శనివారమో విడిపించి, మళ్ళీ సోమవారం పెట్టేవారు. ఆ మూట మోసింది ఆడవాళ్ళు. చూసేవాళ్ళ ముందు తలవంపులు భరించిందీ వాళ్ళే. కొందరు పొరుగువాళ్ళ మూటలు కూడా తీసుకువెళ్ళి, దానికి ఒకటి రెండు పెన్నీలు పుచ్చుకునేవారు.

వీధి మూల కొట్టు చాలాచోట్ల ఒక ఇంటి ముందు గదే. అక్కడ అరువు ఖాతా పుస్తకం ఉండేది. మిల్లు మూతపడిన వారాల్లో, సమ్మె వారాల్లో వీధి బతికింది ఆ పుస్తకం మీదే కాబట్టి కొట్టు నడిపే మనిషికి ఒక న్యాయమూర్తికి ఉండేంత అధికారం ఉండేది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి, ఎవరి మొగుడు తాగుతాడు, ఎవరి పిల్లవాడికి కొత్త ఉద్యోగం దొరికింది అన్నవన్నీ ఆమె లెక్కలోకి వచ్చేవి. ఈ అప్పుల బతుకుకు ఎదురుగా నిలిచినది సహకార సంఘం. బోల్టన్‌కు దగ్గరలోనే ఉన్న రోచ్‌డేల్‌లో 1844 డిసెంబరులో కొందరు నేతగాళ్ళూ ఇతర పనివాళ్ళూ కలిసి తెరిచిన చిన్న దుకాణం నుంచి మొదలైన పద్ధతి అది: రొక్కం ఇచ్చి కొనాలి, కొన్నంత మేరకు లాభంలో వాటా వస్తుంది. ఆ వాటాను అందరూ డివీ అనేవారు. కొట్టుకు పంపిన పిల్లలు వాళ్ళమ్మ సభ్యత్వపు నంబరు తప్పు లేకుండా చెప్పాలి. మా అత్తగారు ఇప్పటికీ, తొంభై దాటాక కూడా, అడిగిన వెంటనే ఆ నంబరు చెబుతారు. "మేమేమీ లెక్కలు పెట్టుకోలేదమ్మా, ఒకరికొకరం ఉండేవాళ్ళం" అనేదీ ఆమే. నేను ఈ రెంటినీ నమ్ముతాను. లెక్క అంత బాగా ఒంటపట్టిన వాళ్ళకు లెక్క పెడుతున్నామన్న స్పృహ ఉండదు.

చావు బీమా గురించి మన పాఠకులకు కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకుంటే ఆ వీధి భయం అర్థమవుతుంది. వారానికో పెన్నీ చొప్పున ఏజెంటు ఇంటింటికీ వచ్చి వసూలు చేసేవాడు. తిండి తగ్గించుకునైనా ఆ పెన్నీ కట్టేవారు. ఎందుకంటే డబ్బు లేకుండా పోయిన మనిషిని ఊరి ఖర్చుతో, పేరు లేని ఉమ్మడి గోతిలో పూడ్చేవారు. అంతకన్నా పెద్ద అవమానం వాళ్ళ దృష్టిలో లేదు. ఎవరైనా పోతే వీధిలో ఒకావిడ వచ్చి శవానికి స్నానం చేయించి, కళ్ళ మీద నాణేలు పెట్టి, దవడ కట్టి, సిద్ధం చేసేది. చాలా వీధుల్లో పురుళ్ళు పోసేదీ ఆవిడే. 1911 బీమా చట్టం పనిచేసే మనిషికి వైద్యం ఏర్పాటు చేసిందే తప్ప అతని భార్యాపిల్లలకు చేయలేదు. అందువల్ల 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యేదాకా ఆడవాళ్ళకు డాక్టరంటే ముందు గుర్తుకొచ్చేది ఫీజు. ఆ ఖాళీని పూరించింది ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. మా అత్తగారి అమ్మమ్మ ఈ పనులు చేసిన మనిషి. ఆమెకు ఎవరూ రొక్కం ఇచ్చినట్లు కుటుంబంలో ఎవరికీ జ్ఞాపకం లేదు. బొగ్గు బాల్చీ, కేకు ముక్క, ఆమె జబ్బుపడ్డ రోజున ఎవరో వచ్చి చేసిన చాకిరీ మాత్రం జ్ఞాపకం ఉన్నాయి. రాత్రి ఏ వేళ తలుపు తట్టినా లేచి వెళ్ళి, తెల్లారి మళ్ళీ తన ఇంటి పని చేసుకున్న ఆ మనిషి శ్రమను "ప్రేమ" అనే ఒక్క మాటలో పెట్టి పక్కన పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ప్రేమ ఉండి ఉంటుంది. దానితో పాటు నిద్ర చాలని ఒళ్ళు, నడుము నొప్పి కూడా ఉన్నాయి.

అప్పట్లో బోల్టన్ భాగంగా ఉన్న ల్యాంకషైర్ జిల్లాలో పెళ్ళయిన ఆడవాళ్ళు కూడా మిల్లుకు వెళ్ళడం మామూలే. వెళ్ళిన వాళ్ళ పిల్లల్ని వీధిలో ఒక ముసలావిడో, పని మానేసిన బంధువో వారానికి కొంత డబ్బు తీసుకుని చూసేవారు. కుటుంబ కథల్లో ఈ డబ్బు మాట దాదాపు వినపడదు. "పక్కింటి ఆంటీ పెంచింది" అని మాత్రమే వినపడుతుంది. నేను తరచి అడిగితే మా అత్తగారి చెల్లెలికి గుర్తొచ్చింది, శుక్రవారం సాయంత్రం అమ్మ ఇల్లు చేరేముందు ఆగే మొదటి గుమ్మం అదేనని. ఆ డబ్బు చేతులు మారడం వల్ల ఆప్యాయత తగ్గలేదు. కానీ దాన్ని కథలోంచి తీసేస్తే ఒక మనిషి జీవనాధారం కథలోంచి మాయమవుతుంది.

సోమవారం బట్టలుతుకు రోజు, వెనక సందంతా తాళ్ళు కట్టి దుప్పట్లు ఆరేసేవారు. వారంలో మరో రోజు మోకాళ్ళ మీద కూర్చుని వీధి గడపను నీళ్ళతో కడిగి, పాత సామాను కొనేవాడు గుడ్డపీలికలకు బదులిచ్చే మెత్తటి రాయితో అంచులు రుద్ది తెల్లగానో పసుప్పచ్చగానో చేసేవారు. మా అత్తగారు ఇది వివరించినప్పుడు మా నాయనమ్మ శుక్రవారం గడపకు పసుపు రాయడం నా కళ్ళముందు కదిలింది. అయితే మనదానికి పూజ ఆధారం. అక్కడ మాత్రం పక్కింటి చూపే ఆధారం. గడప రుద్దని ఇంటిని వీధి గమనించేది. ఆ ఇంటి ఇల్లాలికి జబ్బు చేసి ఉంటే సూపు గిన్నె వచ్చేది. లేకపోతే మాట వచ్చేది. అదే చూపు, అదే మనిషి. సాయాన్నీ తీర్పునీ వేరుచేసి, మంచి సగాన్ని మాత్రమే ఉంచుకోవడం కుదరదు.

ఇంకొక సంగతి చెప్పడానికి మా అత్తగారు చాలాకాలం ఇష్టపడలేదు. ఇళ్ళ మధ్య గోడ పలచన. ఒక ఇంట్లో మొగుడు పెళ్ళాన్ని కొడుతుంటే పక్క రెండు ఇళ్ళలోనూ వినపడేది. మరునాడు ఆమెకు టీ ఇచ్చేవారు, పిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకునేవారు, దెబ్బల గురించి మాత్రం మాట్లాడేవారు కాదు. పెళ్ళికాకుండా గర్భవతి అయిన అమ్మాయిని దూరపు బంధువుల ఇంటికో, చర్చివాళ్ళు నడిపే ఆశ్రమానికో పంపేసేవారు. కొన్ని కుటుంబాల్లో ఆమె బిడ్డను అమ్మమ్మే తన బిడ్డగా పెంచేది, వీధంతటికీ తెలిసి కూడా ఎవరూ అనేవారు కాదు. ఈ మౌనం కూడా ఆ ఏర్పాటులో భాగమే. అది కొందరిని కాపాడింది, కొందరిని దెబ్బలు తినడానికి వదిలేసింది. మంచి రోజులు అని చెప్పేటప్పుడు ఎవరికి మంచివి అని అడిగే హక్కు, ఆ గోడకు అవతల ఉండిపోయిన ఆడవాళ్ళ తరఫున మనకు ఉందని నేను గట్టిగా అనుకుంటాను.

ఈ వీధులను బయటివాళ్ళు చూడలేదని కాదు. 1937లో టామ్ హారిసన్ అనే యువకుడు పసిఫిక్ దీవుల్లోని తెగల మధ్య గడిపి వచ్చి, అదే పద్ధతిలో తన దేశపు మనుషులను పరిశీలించాలని బోల్టన్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ పని అది. బోల్టన్‌కు వాళ్ళు పెట్టుకున్న మారుపేరు వర్క్‌టౌన్. పబ్బుల్లో మగవాళ్ళు గ్లాసు ఎంత సేపట్లో ఖాళీ చేస్తారో గడియారం చూసి రాసుకున్నారు. హంఫ్రీ స్పెండర్ లైకా కెమెరాను కోటు కింద దాచుకుని వందల ఫొటోలు తీశాడు. తాను వేరే వర్గం వాడినన్న ఇబ్బంది తనను వదలలేదని తర్వాతి కాలంలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఫొటోలు అపురూపమైనవి, అవి లేకపోతే మా అత్తగారి బాల్యపు వీధి ఎలా ఉండేదో నేను చూడగలిగేదాన్నే కాదు. ఆరుతున్న బట్టలు వాటిలో ఉన్నాయి. ఆ బట్టలు ఎవరివో, ఉతికినామెకు ఉతుకుడు కూలి ముట్టిందో లేదో ఫొటోలో ఉండదు. మాంచెస్టరు పక్కనే ఉన్న సాల్‌ఫర్డ్ వీధులను, మిల్లుల ముందరి జనాన్ని గీసిన చిత్రకారుడు ఎల్.ఎస్. లౌరీ 1952లో పదవీ విరమణ చేసేదాకా అద్దెలు వసూలు చేసే ఉద్యోగి. అలాంటి గడపలు ఎన్నో ఆయన ఎక్కి దిగినవే. అయినా ఆయన బొమ్మల్లో మనుషులు దూరంగా, సన్నగా, తలలు వంచుకుని నడుస్తుంటారు. అద్దె డబ్బు ఏ డబ్బాలోంచి తీసి ఇచ్చారో తెలిసిన మనిషి ఆ ఇంటి ఇల్లాలే. ఈ లోపలి లెక్క కుటుంబాల దగ్గర మాత్రమే ఉంది, అందుకే కుటుంబాలు దాన్ని మెత్తని మాటలతో పోగొట్టుకోకూడదంటున్నాను.

మిల్లు పట్టణాల సెలవు వారం చూడండి. వేసవిలో ఒక్కో పట్టణం ఒక్కో వారం వంతున మిల్లులన్నీ ఒకేసారి ఆపేసేది. పొగగొట్టాలు ఆగిపోయి, చుట్టూ కొండలు స్పష్టంగా కనిపించేవి. ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి వెళ్ళేది. జీతంతో కూడిన సెలవుల కోసం చేసిన 1938 చట్టానికి ముందు ఎక్కువ మందికి ఆ వారం జీతం లేదు కనక ఏడాది పొడవునా సెలవు క్లబ్బులో వారం వారం చీటీ కట్టినట్లు కట్టుకునేవారు. మా అత్తగారి కథల్లో అతి సంతోషమైన కథ ఇదే, చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి: ఇసుక, గాడిద సవారీ, రాత్రి దీపాల వెలుగు, పక్కింటి వాళ్ళే పక్క గదిలో. బ్లాక్‌పూల్‌లో గదులిచ్చే ఆవిడ మాత్రం చాలా ఇళ్ళలో గది, వంట చేసి పెట్టడం వరకే చూసేది. తిండి సామాను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కాబట్టి సెలవులో కూడా పొద్దున్నే బజారుకు వెళ్ళి, పొట్లాల మీద పేరు రాసి వంటింట్లో అప్పగించింది మా అత్తగారి తల్లి. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ వారంలో ఇంటిపని నుంచి పూర్తిగా సెలవు దొరికింది మగవాళ్ళకూ పిల్లలకూ.

1950ల మధ్య నుంచి 1970ల మధ్య వరకు బ్రిటన్‌లో ఇలాంటి ఇళ్ళు పది లక్షలకు పైగా కూల్చేశారు. మా అత్తగారి వీధి 1960లలో పోయింది. ఊరి అంచున మునిసిపాలిటీ కట్టిన కొత్త ఇంట్లో వేడినీళ్ళ కుళాయి తిప్పి చూసి వాళ్ళమ్మ ఏడ్చిందట. ఆ సంతోషాన్ని తక్కువ చేసే ఏ జ్ఞాపకాన్నీ నేను ఒప్పుకోను. వీధి పోవడం వల్ల మనుషులు స్వార్థపరులయ్యారనే మాట బ్రిటన్‌లో చాలామంది అంటుంటారు. నా అవగాహన వేరు. అధికారులు ఇళ్ళ పరిస్థితిని కొలిచారు, తేమను కొలిచారు, మరుగుదొడ్లను లెక్కపెట్టారు. పిల్లల్ని చూసే ముసలావిడ ఏ ఇంట్లో ఉంది, ఆమె మీద ఆధారపడి ఎంతమంది తల్లులు పనికి వెళుతున్నారు అన్నది ఎవరి ఫారంలోనూ లేదు. కాబట్టి వీధిలోని కుటుంబాలను వేర్వేరు పేటలకు పంచేశారు. ముసలావిడ ఒక చోట, తల్లులు మరో చోట, మిల్లు రెండు బస్సుల దూరంలో. పిల్లల్ని ఎవరూ చూడకపోవడంతో మా అత్తగారు కొన్నేళ్ళు పని మానుకోవలసి వచ్చింది. దీన్ని ఐకమత్యం నశించడం అని విలపించడం తేలిక. ఒక పనిముట్టును గుర్తించకుండా విరిచేశారని చెబితే, కొత్త పేటలో శిశుసంరక్షణ కేంద్రం ఎందుకు కట్టలేదన్న ప్రశ్న వేయవచ్చు. నాకు రెండోదే కావాలి.

కూల్చకుండా మిగిలిన వరస ఇళ్ళలోకి 1960ల నుంచి గుజరాతీలు, పాకిస్తానీలు వచ్చారు. స్థానికులు వదులుకుంటున్న మిల్లు రాత్రి షిఫ్టులు వాళ్ళు చేశారు. పగలు పనిచేసేవాళ్ళు లేచిన మంచం మీద రాత్రి పనిచేసేవాళ్ళు పడుకున్న ఇళ్ళు ఉన్నాయి. డబ్బు పోగేసి వంతులవారీగా ఇల్లు కొనుక్కోవడం, కొత్తగా వచ్చినవాళ్ళకు కొట్టులో అరువు ఇప్పించడం, ఆడవాళ్ళు ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకోవడం, అంతా అదే ఏర్పాటు, అవే గోడల మధ్య. అయినా "ఒకప్పుడు ఇది ఎంత మంచి వీధి" అన్న వాక్యం వీళ్ళకు వ్యతిరేకంగా వాడటం నేను చెవులారా విన్నాను. ఆ మంచితనం ఒక జాతి రక్తంలో ఉండేదని నమ్మితేనే ఆ వాక్యం అలా వాడటం సాధ్యమవుతుంది. అది తక్కువ జీతాల మధ్య ఆడవాళ్ళు నేర్చుకున్న పని అని తెలిసినవాళ్ళు పక్కింటి గుజరాతీ తల్లిలో తమ అమ్మమ్మను గుర్తుపట్టగలరు. మా అత్తగారు గుర్తుపట్టారు. ఆ ఇంటి పిల్లలకు జ్వరం వస్తే ముందు వెళ్ళేది ఆమే.

ల్యాంకషైర్ బట్టకూ మన నేతగాళ్ళ మగ్గాలకూ మధ్య ఉన్న పాత కక్ష అందరికీ తెలిసినదే. 1913లో బ్రిటన్ ఎగుమతి చేసిన బట్టలో నలభై శాతానికి పైగా ఇండియాకే వచ్చింది. 1931 సెప్టెంబరులో గాంధీ బోల్టన్‌కు ఉత్తరాన ఉన్న డార్వెన్ వచ్చి, విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తగిలిన కార్మికులను కలిసినప్పుడు వాళ్ళు ఆయనను ఆప్యాయంగా చుట్టుముట్టారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు వైద్య కళాశాలల్లో చదివిన తెలుగు డాక్టర్లు ఎందరో ఈ దేశపు ఆరోగ్య సేవలో చేరారు. ఇలాంటి పారిశ్రామిక పట్టణాల్లో, స్థానిక డాక్టర్లు రావడానికి ఇష్టపడని పేటల్లో పనిచేసినవాళ్ళు వాళ్ళలో తక్కువేమీ కాదు. వాళ్ళ ఇళ్ళలో కూడా ఇప్పుడు జ్ఞాపకాలు చెప్పే వయసు వచ్చింది. ఆ డాక్టరుగారి గొప్పతనం పిల్లలకు తెలుసు. రాత్రి ఫోన్లు ఎత్తి, సందేశాలు రాసుకుని, కొత్తగా వచ్చిన జూనియర్లకు నెలల తరబడి అన్నం పెట్టిన భార్య పనిగంటలు ఎవరూ రాసి ఉంచలేదు.

అందుకే నేను మా అత్తగారితో కూర్చున్నప్పుడు వీధి ఎలా ఉండేది అని అడగడం మానేశాను. కొట్టులో అరువు ఎన్ని వారాల దాకా ఇచ్చేవారు, జీతం కవరు ఎవరు చింపేవారు, పురిటి రాత్రి వచ్చినామె మరునాడు మిల్లుకు వెళ్ళిందా, పిల్లల్ని చూసినందుకు ఎన్ని షిల్లింగులు, ఏ ఇంటికి ఎవరూ వెళ్ళేవారు కాదు, ఎందుకు వెళ్ళేవారు కాదు అని అడిగి, చెప్పింది చెప్పినట్లు తేదీ వేసి రాస్తున్నాను. ఈ ప్రశ్నలకు ఆమె జవాబులు పాత కథల కన్నా పొడుగ్గా ఉంటున్నాయి, పేర్లు ఎక్కువ వస్తున్నాయి, ఆ పేర్లలో చాలావరకు ఇంతకు ముందు మా ఇంట్లో ఎవరూ వినని ఆడవాళ్ళవి.